రెండొందల ఇరవైలో ఒకరు

మా ఆవిడకి మూడో నెల నడుస్తుండగా, ఓ మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. నేను మీటింగ్‌లో ఉన్నాను, తను వాళ్ళ ఆఫీసులో ఉంది. ఫైలు తెరిస్తే నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా గ్రాఫులు. మొదటి పేజీలో మాత్రం ఎర్ర అక్షరాల్లో ఒక్క లైను: ట్రైసోమీ 21, 1:220, హై రిస్క్. ఐదు నిమిషాల్లో తను ఫోన్ చేసింది. "హై రిస్క్ అంటే ఉన్నట్టా, లేనట్టా?" అంది. ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీ పేపరు మంచి మార్కులతో పాసై, పదేళ్ళుగా డేటా మీదే బతుకుతున్న నాకు జవాబు తెలీలేదు.

ఆ రోజు పట్టుకున్న కోపం ఇంకా వదల్లేదు. ముందే చెప్పేస్తాను, కోపం పరీక్ష మీద కాదు. గర్భస్రావం హక్కు మీద అసలే కాదు. చదువుకుని, నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న మనబోటివాళ్ళం ఏమీ అడక్కుండా పరీక్ష చేయించుకుని, అది ఏం చెప్తోందో తెలీకుండానే జీవితంలో అతి పెద్ద నిర్ణయం దగ్గరికి వెళ్ళిపోయి, దానికి 'ఇన్‌ఫార్మ్‌డ్ ఛాయిస్' అని పేరు పెట్టుకుంటున్నామే, దాని మీద.

అసలు ఎలా మొదలైందో చెప్తాను. పన్నెండో వారంలో ఎన్‌టీ స్కాన్‌కి వెళ్ళాం. డాక్టరుగారు చీటీ మీద ఐరన్ మాత్రలు, థైరాయిడ్ పరీక్ష, షుగర్ పరీక్షల కింద 'డబుల్ మార్కర్' అని రాశారు. "ఇది దేనికి మేడమ్?" అని మా ఆవిడ అడిగింది. "రొటీనేనమ్మా, అందరికీ రాస్తాం" అన్నారు. బయట బెంచీల మీద ఖాళీ లేదు, ఆవిడకి టైము లేదు. మేమూ రెండో ప్రశ్న అడగలేదు. కౌంటర్లో డబ్బు కట్టి, రక్తం ఇచ్చి, కిందకొచ్చి ఇడ్లీ తిన్నాం.

షుగర్ పరీక్షకీ దీనికీ చాలా తేడా ఉంది. షుగర్ ఎక్కువుంటే తగ్గించడానికి మందుంది. ట్రైసోమీ 21, అంటే 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటం, మందుతో మారేది కాదు. దాన్నే డౌన్ సిండ్రోమ్ అంటాం. ముందే తెలిస్తే రెండు పనులు చేయొచ్చు. గుండె పరీక్షలకి, పిల్లల డాక్టర్లకి, ఇంటికి, మనసుకి సిద్ధమవ్వొచ్చు. లేదా గర్భం తీయించుకోవచ్చు. అంటే ఈ పరీక్ష చీటీ మీద రాస్తున్నప్పుడే "ఎక్కువ అవకాశం ఉందని వస్తే మీరేం చేయాలనుకుంటారు?" అనే ప్రశ్న కూడా రాసినట్టే. ఆ ప్రశ్న మమ్మల్నెవరూ అడగలేదు. జవాబు మాత్రం ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

ఇప్పుడు ఆ అంకె సంగతి. డబుల్ మార్కర్‌లో తల్లి రక్తంలో ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ అనే రెండు పదార్థాలు ఎంతున్నాయో చూస్తారు. ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలుస్తారు. వీటికి తల్లి వయసు, బరువు, ఎన్నో వారమో కలిపి ఒక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక అంకె బయటికొస్తుంది. మాకొచ్చిన 1:220 అంటే, ఇలాంటి అంకెలే ఉన్న 220 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, 219 మంది బిడ్డలకి ఉండదు. ఎర్ర అక్షరాల్లో మాకు కనిపించింది ఆ ఒక్కరే. ఆ 219 మంది రిపోర్టులో ఎక్కడా లేరు.

ఈ లెక్క చేయడానికి డాక్టరీ అక్కర్లేదు, ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. లక్షమంది గర్భిణులకి పరీక్ష చేశారనుకుందాం. 800కి ఒకరి చొప్పున 125 మంది బిడ్డలకి డౌన్ సిండ్రోమ్ ఉందనుకుందాం. స్కాన్, డబుల్ మార్కర్ కలిపి చూస్తే ఉన్నవాళ్ళలో సుమారు 90 శాతాన్ని పట్టుకుంటాయి. లేనివాళ్ళలో 5 శాతానికి తప్పుడు అలారం మోగిస్తాయి. అంటే 112 నిజమైన ఎర్ర రిపోర్టులు, ఐదువేలకి కాస్త అటూ ఇటుగా ఉత్త ఎర్ర రిపోర్టులు. ఎర్ర రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ ఇంటికెళ్ళే ప్రతి 45 మందిలో 44 మందికి ఏడవాల్సిన కారణమే లేదు. మా ఆఫీసులో ఒక మానిటరింగ్ అలర్ట్ 45 సార్లు మోగి 44 సార్లు ఉత్తిదే అయితే ఆ వారంలోనే దాన్ని ఎవరో ఒకరు ఆపేస్తారు. ఇక్కడ ఆపక్కర్లేదు, ఇది తొలి జల్లెడ మాత్రమే, పట్టడమే దాని పని. కానీ జల్లెడ అని చెప్పాలిగా. మాకు పరీక్ష అని చెప్పారు. పరీక్షంటే మనకి పాసో ఫెయిలో తేలేదే.

ఇంకా తమాషా ఏమిటంటే, మా ఆవిడ సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు, అసలు పుట్టినరోజు వేరు. ఒకటో క్లాసులో త్వరగా చేర్చాలని వాళ్ళ తాతగారు వయసు ఏడాదిన్నర పెంచి రాయించారు. మీలో సగం మంది ఇళ్ళల్లో ఈ కథ ఉంటుంది. ల్యాబ్‌వాళ్ళు ఆధార్ చూసి ఆ తేదీయే ఎక్కించారు. రిపోర్టు మూడో పేజీలో వయసు చూసి నాకు అనుమానమొచ్చి ఫోన్ చేస్తే, అసలు తేదీతో మళ్ళీ లెక్కకట్టి పంపారు. 1:270. గీత 1:250 దగ్గర గీశారు కాబట్టి ఎర్ర అక్షరాలు పోయి పచ్చవి వచ్చాయి. కడుపులో బిడ్డ అదే, రక్తం అదే, స్కాన్ అదే. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక తాతగారు బడి రిజిస్టర్‌లో చెప్పిన చిన్న అబద్ధం సరిచేస్తే హై రిస్క్ కాస్తా లో రిస్క్ అయింది. 220కీ 270కీ మధ్య ఉన్న తేడా ఒక శాతంలో పదో వంతు కూడా కాదు. రంగు మాత్రం మారిపోయింది.

"ఇప్పుడు పచ్చరంగు చూశాక నీకు నిద్ర పడుతుందా?" అని మా ఆవిడ అడిగింది. పట్టదు. ఎర్రది ఒకసారి చూశాక చూడనట్టు ఉండలేం. అందుకని డాక్టరుగారు ముందే చెప్పిన ఎన్‌ఐపీటీకి వెళ్ళాం.

ఎన్‌ఐపీటీ నిజంగా గొప్ప సైన్సు. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ ముక్కలు తిరుగుతుంటాయని 1997లో డెన్నిస్ లో బృందం చూపించింది. 2011 నాటికి అది మార్కెట్లో పరీక్షగా వచ్చింది. పదో వారం దాటితే చాలు, చేతి నుంచి కాస్త రక్తం తీస్తే సరిపోతుంది, కడుపులోకి సూది గుచ్చక్కర్లేదు. డౌన్ సిండ్రోమ్‌ని 99 శాతం పట్టుకుంటుంది, తప్పుడు అలారం వెయ్యికి ఒకటి చొప్పునే. ఇవి చూసి అందరూ "99 శాతం కరెక్ట్" అంటారు. ల్యాబ్ ప్రతినిధి కూడా మాకు అదే అన్నాడు. నా కోపానికి రెండో కారణం ఆ వాక్యం.

పాతికేళ్ళ తల్లిని తీసుకోండి. ఆ వయసులో అవకాశం సుమారు 1,250కి ఒకటి. లక్షమందిలో 80 మంది. పరీక్ష 79 మందిని పట్టుకుంటుంది. మిగతా దాదాపు లక్షమందిలో వెయ్యికొకటి చొప్పున వందమందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం 179 పాజిటివ్‌లలో నిజమైనవి 79, అంటే 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా ఇంతకంటే నయం. అదే నలభై ఏళ్ళ తల్లికి, అవకాశం వందకి ఒకటి కాబట్టి, పాజిటివ్ వస్తే 91 శాతం నిజం. మెషీన్ అదే, 99 అదే. అర్థం మాత్రం వయసుని బట్టి సగానికి సగం మారిపోతుంది. పైగా ఆ డీఎన్ఏ ముక్కలు ఎక్కువగా మాయ నుంచి వచ్చేవి. మాయలో ఉన్నదల్లా బిడ్డలో ఉండాలని లేదు. అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చినా ఉమ్మనీరు తీసి క్రోమోజోమ్‌లు చూసే ఆమ్నియోసెంటెసిస్ లాంటి పరీక్షతో నిర్ధారించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని డాక్టర్ల సంఘాలన్నీ చెప్తున్నాయి. ఈ మాట ల్యాబ్ రంగుల బ్రోచర్‌లో చివరి పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.

ఇంకొంచెం డబ్బు కడితే ఇంకొన్ని అరుదైన జబ్బులు కూడా చూస్తామని అదే బ్రోచర్లో ఉంది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఈ అరుదైన జబ్బుల పరీక్షల మీద పెద్ద పరిశోధన వేసింది. వాళ్ళు చూసిన ఐదు రకాల పరీక్షల్లో పాజిటివ్ రిపోర్టులు దాదాపు 85 శాతం తప్పేనని తేలింది. ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ, ఈ రిపోర్టుల మీదే ఆధారపడి నిర్ణయాలు తీసుకోవద్దని హెచ్చరిక జారీ చేసింది. జబ్బు ఎంత అరుదైతే తప్పుడు అలారం అంత ఎక్కువ. అమ్మేవాడికి మాత్రం లిస్టు ఎంత పొడుగైతే ప్యాకేజీ అంత ఖరీదు.

ఇంతవరకు అంకెల గొడవ. అసలు గొడవ ఇంట్లో మొదలైంది.

విషయం తెలియగానే పెద్దవాళ్ళ నోట వచ్చిన మొదటి మాట "మనది మేనరికం కూడా కాదే!" ట్రైసోమీ 21కీ మేనరికానికీ సంబంధం లేదు. నూటికి 95 కేసుల్లో అది అండంలోనో వీర్యకణంలోనో, ఎక్కువగా అండంలోనే, క్రోమోజోమ్‌లు విడిపోయేటప్పుడు జరిగే పొరపాటు. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగింది కాదు. అయినా మనకి కారణం కావాలి, ఆ కారణం తల్లి అయితే మరీ మంచిది. మన భాషలోనే ఉంది చూడండి. పై పెదవి చీలి పుడితే దాని పేరే గ్రహణం మొర్రి. జబ్బు పేరులోనే తల్లి మీద నేరారోపణ: గ్రహణం పూట బయటికొచ్చింది కాబట్టి! భారతంలో అంబిక కళ్ళు మూసుకుంది కాబట్టి ధృతరాష్ట్రుడికి చూపు లేదు, అంబాలిక పాలిపోయింది కాబట్టి పాండురాజు పాలిపోయాడు. ఎదురుగా నిలబడి భయపెట్టిన వ్యాసుడి ప్రస్తావన ఉండదు. అష్టావక్రుడి కథలో మాత్రం నేరం తండ్రిది. కడుపులోంచే తప్పు దిద్దాడని కొడుకుని ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు. ఆ తండ్రిని ఎవరూ పెద్దగా తిట్టిన గుర్తు నాకు లేదు.

సినిమాల్లోనూ అంతే. మణిరత్నం 'అంజలి'లో బిడ్డ చనిపోయి పుట్టిందని తల్లికి అబద్ధం చెప్తారు, చివరికి పిల్ల నిజంగానే చనిపోతుంది. 'స్వాతిముత్యం'లో మనిషిని దేవుణ్ణి చేస్తారు. నేను చదివిన కథల్లో ఇలాంటి పిల్లలు వస్తే శాపంగానో, తల్లి త్యాగానికి కొలమానంగానో వస్తారు. పొద్దున్నే లేచి పాల ప్యాకెట్లు వేసే మనిషిగా రారు. అలాంటి మనిషి నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను.

తెనాలి దగ్గర మా పిన్ని ఉంటుంది. వాళ్ళబ్బాయికి, అంటే మా తమ్ముడికి, డౌన్ సిండ్రోమ్. 1997లో పుట్టాడు, ఆ డీఎన్ఏ ముక్కలు బయటపడ్డ ఏడాదే. బాబాయి కిరాణా కొట్టులో ఉంటాడు. ఏ ఇంటికి ఎన్ని పాల ప్యాకెట్లు, ఏ రోజు పెరుగు కావాలో వాడికి నోటికొచ్చు. డబ్బు లెక్క రాదు, అందుకని అందరికీ ఖాతానే. మా రిపోర్టు వచ్చిన పది రోజులూ మా ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు. "పిన్నికి చెప్పకండి, బాధపడుతుంది" అంది అమ్మ. అంతకుముందు ఎవరూ పైకి అనని మాట అప్పుడు అందరికీ అర్థమైపోయింది. మేం చేయించుకుంటున్నది వాడిలాంటివాడు పుడతాడేమోనని.

చివరికి మా ఆవిడే ఫోన్ చేసింది. "మాకు తెలిసినవాళ్ళలో ఈ సంగతి నిజంగా తెలిసింది ఆవిడ ఒక్కతే కదా" అంది. స్పీకర్ ఆన్ చేసి పెట్టింది. పిన్ని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"చేయించుకోండమ్మా, తప్పేముంది. మా రోజుల్లో ఉంటే నేనూ చేయించుకునేదాన్నే. తీయించుకునేదాన్నో లేదో ఇప్పుడెలా చెప్పను? వాణ్ణి చూసేశాను కదా. పుట్టినప్పుడు ఆ పెద్ద డాక్టరు నడవడు, మాట్లాడడు, పదేళ్ళు బతికితే గొప్ప అన్నాడు. గుండెలో చిల్లుంటే అర ఎకరం అమ్మి ఆపరేషన్ చేయించాం. నడిచాడు, మాట్లాడాడు, ఉన్నాడు. ఏ బళ్ళోనూ చేర్చుకోరని, నేను పోయాక చూసేవాళ్ళుండరని మాత్రం ఆయన చెప్పలేదు. నాకు కష్టమైందల్లా ఆ రెండే."

ఏ కౌన్సెలింగ్‌లోనూ నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. డౌన్ సిండ్రోమ్ ఉంటే నేర్చుకోవడం నిదానంగా ఉంటుంది, దాదాపు సగం మంది పిల్లలకి గుండె లోపం ఉంటుంది, పెద్దయ్యాక మతిమరపు జబ్బు త్వరగా వస్తుంది. ఇవి నిజాలు, దాచక్కర్లేదు. 1980ల మొదట్లో అమెరికాలో వీళ్ళ సగటు ఆయుష్షు పాతికేళ్ళు, ఇప్పుడు అరవై దగ్గర. ఇదీ నిజమే, ఇదీ దాచకూడదు. మారింది క్రోమోజోమ్ కాదు, ఆపరేషన్లు చేయడం, ఇళ్ళల్లో పెంచడం మొదలైంది. పిన్ని అమ్మిన అర ఎకరం లాంటివి 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చాలామంది అమ్మక్కర్లేకపోయింది. అదే రిపోర్టులో ఉండే ట్రైసోమీ 18, 13 వేరే సంగతి. ఆ బిడ్డల్లో ఎక్కువమంది పుట్టకముందో, పుట్టిన ఏడాదిలోపో పోతారు. ఈ మూడింటినీ ఒకే టేబుల్లో ఒకే రంగులో పెట్టడం కూడా ఒక రకం అబద్ధమే.

ఇక్కడ రెండు వైపుల నుంచీ నన్ను తిట్టొచ్చు. ఒకరు అంటారు, "అయితే ఈ పరీక్షలు ఆపేయాలంటావా, గర్భస్రావం తప్పంటావా?" అనను. 2021 సవరణతో మన చట్టం 20 వారాల దాకా ఒక డాక్టరు, కొందరికి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు, తీవ్రమైన లోపమైతే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో వీలు కల్పించింది. అది ఉండాలి. కడుపు ఎవరిదో నిర్ణయం వాళ్ళది. మా ఇంట్లో కూడా నా ఓటు సలహా వరకే. పిన్ని జీవితాన్ని చూపించి ఇంకో ఆడమనిషిని "నువ్వూ మొయ్యి" అనే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

రెండోవాళ్ళు, నిజానికి మా ఆఫీసులో వీళ్ళే ఎక్కువ, "బాధ్యత ఉన్న పేరెంట్స్ ఇలాంటి పిల్లల్ని కనరు" అంటారు. ఇది ఎంపిక కాదు, ఒత్తిడి. "ముందే తెలిసే వీలుండీ ఎందుకు కన్నారు?" అని అడిగే ఊళ్ళో, కనకూడదనుకోవడం ఎంతవరకు స్వేచ్ఛ? సమాచారం ఎప్పుడూ మంచిదే అనేవాళ్ళు ప్రతి స్కానింగ్ గది గోడ మీదున్న బోర్డు చదవాలి. ఎన్‌ఐపీటీ మెషీన్‌కి బిడ్డ ఆడో మగో కూడా తెలుసు. చెప్తే ఏం చేస్తామో ఈ దేశానికి తెలుసు కాబట్టి 1994లోనే చట్టం ఆ నోరు మూయించింది. ఆ రెండూ ఒకటే అనను. క్రోమోజోమ్ లోపాల కోసం చూడొచ్చని అదే చట్టం ఒప్పుకుంది, సరైన పనే చేసింది. నేననేది ఇంతే: సమాచారం ఎలాంటి ఊళ్ళోకి వచ్చి పడుతుందో చూడకుండా దాన్ని మంచిదని అనలేం.

మన ఊరు ఎలాంటిదో అంకెల్లోనే చూద్దాం. ఎన్‌ఐపీటీకి అయ్యే ఖర్చు పదివేల పైమాటే. సదరం సర్టిఫికెట్ చేతికొస్తే పింఛను ఆంధ్రలో 2024 నుంచి నెలకి 6,000, తెలంగాణలో 2023 నుంచి 4,016. అలాంటి పిల్లవాడు పుట్టకుండా చూసుకోవడానికి ఒక్కసారి మనం పెట్టే ఖర్చు, పుట్టినవాడు ఒక నెల బతకడానికి ఇచ్చేదానికంటే ఎక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్కంది. తల్లిదండ్రుల తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించే కమిటీ జిల్లాలో ఉండాలి. మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లోనే ఉంది. డబుల్ మార్కర్ రాసే రోజు కాకపోయినా, ఎర్ర రిపోర్టు చేతికిచ్చే రోజైనా ఈ మూడు ముక్కల్లో ఒక్కటీ మాకెవరూ చెప్పలేదు. గర్భస్రావం గడువు ఎన్ని వారాలో మాత్రం అడక్కముందే చెప్పారు.

నేనడిగేది పెద్దదేం కాదు. చీటీ మీద రాసేముందు పది నిమిషాలు. ఇది జల్లెడ, తీర్పు కాదని చెప్పండి. వద్దనొచ్చని చెప్పండి. రిపోర్టులో 1:220 పక్కన "219 మందికి ఉండదు" అని అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయండి. పాజిటివ్ వస్తే నిజమయ్యే అవకాశం ఈ తల్లి వయసుకి ఎంతో రాయండి, సాఫ్ట్‌వేర్‌లో అది రెండు లైన్ల కోడ్. నిర్ధారణ పరీక్షకి పంపే ముందు డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డని పెంచుతున్న ఒక తల్లితోనో తండ్రితోనో మాట్లాడే వీలు కల్పించండి. అప్పుడు ఉంచుకున్నా, తీయించుకున్నా అది వాళ్ళ నిర్ణయం అవుతుంది. ఇప్పుడది రంగు తీసుకునే నిర్ణయం.

మా ఎన్‌ఐపీటీ లో రిస్క్ అని వచ్చింది. లెక్క ప్రకారం ఇరవై వేలమందిలో ఒకరి కంటే తక్కువ అవకాశం. ఇద్దరం ఏడ్చాం, స్వీట్లు తెచ్చుకుని తిన్నాం. ఆ సంతోషం అబద్ధం కాదు, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని దాన్ని కాదనలేను. రాత్రి పిన్నికి ఫోన్ చేయాలి. ఏమని చెప్పాలో పావుగంట ఆలోచించాను. నీ కొడుకులాంటి బిడ్డ మాకు పుట్టట్లేదు, అందుకు సంతోషంగా ఉంది అన్న మాటకి మర్యాదైన రూపం నాకొచ్చిన తెలుగులో దొరకలేదు.

"రిపోర్టు బాగా వచ్చింది పిన్నీ" అన్నాను.

"మంచిది నాన్నా" అంది. వెనకాల తమ్ముడు రేపటి ప్యాకెట్ల లెక్క పైకి చెప్పుకుంటున్నాడు.